గాలి ఉంది, గుట్ట కావాలి

నైరుతి రుతుపవనం మొదలైతే చాలు, పడమటి కనుమల సందు గుండా సెంగోట్టై మీదుగా దూసుకొచ్చే గాలి తమిళనాడులోని కయత్తారు, కోవిల్‌పట్టి నల్లరేగడి మీద నెలల తరబడి విరుచుకుపడుతుంది. ఆడి మాసం గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని అక్కడి సామెత. తూత్తుక్కుడి దగ్గరి ముళ్ళక్కాడులో 1986లోనే ఈ గాలితో కరెంటు తీయడం మొదలైంది. ఇప్పుడు కయత్తారు చుట్టుపక్కల ఎటు చూసినా గాలిమరలే. ఇంత గాలి ఉన్నచోట రెక్క కట్టుకుని ఎగరడం నేర్చుకోవచ్చు కదా అని ఆలంగుళంలోనో రాజపాళయంలోనో ఓ తెలుగు కుర్రవాడికి అనిపిస్తే అందులో తప్పేమీ లేదు. హ్యాంగ్ గ్లైడింగ్ నేర్చుకోదగ్గ విద్యే. అయితే దానికి ముందుగా కావలసింది ఎత్తైన కొండ అంచూ కాదు, పర్యాటకుల్ని ఎక్కించుకుని తిప్పే జంట సవారీలూ కాదు. పదిహేను, ఇరవై మీటర్ల బోడిగుట్ట ఒకటి, దాని కింద చదునైన నేల, పక్కన నిలబడి నేర్పే గురువు కావాలి.

ఈ మాటకు సాక్ష్యం ఆ విద్య చరిత్రలోనే ఉంది. జర్మనీకి చెందిన ఓటో లిలియంతాల్ 1891 నుంచి తన రెక్కలతో రెండువేల సార్లకు పైగా గాల్లోకి లేచాడు. బెర్లిన్ శివార్లలో తగిన కొండ దొరక్క 1894లో సొంత డబ్బుతో మట్టిగుట్ట పోయించుకున్నాడు. దాని ఎత్తు పదిహేను మీటర్లే. మనిషి బరువు అటూఇటూ జరిగితే రెక్క ఎలా తిరుగుతుందో ఆయన అలాంటి చిన్న గుట్టల మీదే తెలుసుకున్నాడు. అంత అనుభవం ఉన్నవాడు కూడా 1896 ఆగస్టులో మరోచోట గాలి ఒడుపు తప్పి, పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడి మరణించాడు. తర్వాత అమెరికాలో ఫ్రాన్సిస్ రోగాలో మెత్తటి బట్ట రెక్కను, 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ ఆ రెక్క కింద చేతులతో పట్టుకునే ముక్కోణపు చట్రాన్ని తెచ్చారు. యంత్రం మెరుగుపడింది గానీ నేర్చుకునే దారి మారలేదు.

గాలి లెక్క తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. గాలి వేగం రెట్టింపైతే అది రెక్కను తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గాలిమర పూర్తి సామర్థ్యంతో తిరగడానికి సెకనుకు సుమారు పన్నెండు మీటర్ల గాలి కావాలి. అంటే గంటకు 43 కిలోమీటర్లు. కొత్తవాళ్లకిచ్చే గ్లైడర్ మామూలుగా ఎగిరే వేగం 30 నుంచి 35. మర నిండుగా తిరిగే రోజున ఆ రెక్క ముందుకు పోదు, వెనక్కి కొట్టుకుపోతుంది. గుట్ట వెనక గాలి సుడులు తిరుగుతుంటుంది; అందులో పడితే ఎంత నేర్పరికైనా కష్టమే. తిరిగే మరల వెనక గాలి కూడా అంతే చెడిపోయి ఉంటుంది. విద్యార్థికి కావలసింది ఇరవై కిలోమీటర్లు దాటని, కుదుపుల్లేని గాలి. కాబట్టి కరెంటుకు పనికొచ్చే కాలం పాఠానికి పనికిరాదు. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు, పొద్దున్నే నేర్చుకోవాలి. పొద్దెక్కితే నల్లనేల కాగి వేడిగాలి పొరలు పైకి లేస్తాయి. ఆరితేరినవాళ్లు అలాంటి పొరలెక్కి వందల కిలోమీటర్లు పోతారు. 2012లో అమెరికాలోని టెక్సస్‌లో ఒకే రోజు 760 కిలోమీటర్లకు పైగా ఎగిరినవాళ్లున్నారు. కొత్తవాడిని మాత్రం అవే పొరలు కుదిపి పడేస్తాయి.

ఇక మొదటి రోజుల్లో ఏం జరుగుతుంది? ఎగరడం తక్కువ, మోయడం ఎక్కువ. పాతిక కిలోల రెక్కను భుజాలమీద ఎత్తుకుని చదునునేల మీద పరుగెత్తాలి. రెక్క ముక్కు మరీ పైకి లేవకుండా, కిందికి వాలకుండా పట్టుకోవాలి. చూపు కాళ్ల దగ్గర కాదు, దూరాన ఉండాలి. తర్వాత గుట్ట వాలున నాలుగడుగులు పరుగు, కొన్ని సెకన్లు గాల్లో, మళ్లీ రెక్క భుజాన వేసుకుని గుట్టెక్కడం. ఆ కొద్ది సెకన్లలో మనిషి తన సహజగుణాన్నే మార్చుకోవాలి. నేల ముంచుకొస్తుంటే చేతులు ముక్కోణపు చట్రం కడ్డీని తమంతట తామే ముందుకు నెడతాయి. నెడితే ముక్కు లేచి, వేగం చచ్చి, రెక్క కూలుతుంది. వేగం కావాలంటే కడ్డీని ఒంటివైపు లాక్కోవాలి. పూర్తిగా నెట్టవలసిన క్షణం ఒకటే, కాళ్లు నేలకు తాకబోయే ముందు. కాస్త ముందు నెడితే పైకి లేచి పడతాడు, ఆలస్యమైతే ముక్కు నేలకు గుద్దుకుంటుంది. ఈ ఒడుపు ఎంత వివరించినా రాదు, పదేపదే చేస్తేనే వస్తుంది. ఆ తప్పులన్నీ మోకాలెత్తులో జరిగిపోవాలి.

గుట్ట నేర్పే ఇంకో అలవాటు ప్రాణం నిలిపేది. ఎగరబోయే ముందు ఒంటికి బిగించుకున్న జీనుతో సహా రెక్కకు వేలాడి, కొక్కెం పడిందో లేదో పక్కవాళ్ల చేత చూపించుకోవడం. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో పైలట్ ఈ ఒక్కటి మరిచాడు. వెంట వచ్చిన పర్యాటకుడు రెండు నిమిషాలకు పైగా చేతులతో వేలాడి, మణికట్టు విరగ్గొట్టుకుని బతికిపోయాడు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లోని కులూ దగ్గర జంట పారాగ్లైడింగ్‌లో మన తెలంగాణ యువతికి ఆ అదృష్టం దక్కలేదు. బెల్టును పైలట్ సరిగా చూసుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. రెండుచోట్లా సవారీకి వచ్చినవారికి ఏది సరిచూసుకోవాలో తెలిసే అవకాశమే లేదు. నేర్చుకున్నవాడు తన కొక్కెం తానే చూసుకుంటాడు.

జంట సవారీ వల్ల నలుగురికి ఉపాధి, పదిమందికి ఆసక్తి కలుగుతాయి కదా అనేవారున్నారు. నిజమే, నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ పైలట్లు ఎక్కడ తయారవుతారు? గుట్ట లేకుండా సవారీ పెడితే నేర్పు లేనివాడి చేతిలో ప్రయాణికుడి ప్రాణం పెట్టినట్టే. సైకిలు రానివాడిని ఘాట్ రోడ్డులో బస్సు నడపమన్నట్టు ఉంటుంది. హిమాచల్‌లోనే ఉన్న బిల్లింగ్‌లో 1984లో హ్యాంగ్ గ్లైడర్లే ఎగిరాయి, ఇప్పుడు అక్కడంతా పారాగ్లైడర్లే, ఈ పాత రెక్క ఎందుకని మరో ప్రశ్న. సంచిలో మడిచి మోసుకుపోవచ్చు గనుక పారాగ్లైడర్ గెలిచింది. అయితే దానికి గాలి ఇంకా మెత్తగా ఉండాలి, దాన్ని నేర్పడానికీ ఇలాంటి వాలే కావాలి. ఒక గుట్ట రెండు విద్యలకూ సరిపోతుంది. అగ్గిపెట్టెల, బాణసంచా పనులతో బతికే ఈ ప్రాంతంలో ఈ ఖరీదైన సరదా ఎందుకన్నది వీటిలో బరువైన ప్రశ్న. ఒక్కొక్కరూ రెక్క కొనుక్కోవాలంటే అది శ్రీమంతుల ఆటే. గుట్టా రెక్కలూ ఉమ్మడివైతే, నేర్పే జీతం ప్రభుత్వానిదైతే, కాలేజీ పిల్లల క్రీడల్లో ఇదీ ఒకటవుతుంది.

స్థలం ఎంపికలో మొండితనం పనికిరాదు. రాజపాళయం పడమటి కొండలు చూడ్డానికి ఊరిస్తాయి గానీ, శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై ప్రాంతం 2021 నుంచి పులుల అభయారణ్యం. అక్కడ ఎగరాలన్న ఆలోచన మానుకోవడమే మంచిది. నల్లరేగడి వేసవిలో పాదం ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది, వానకు బంకవుతుంది, పరుగుకు పనికిరాదు. అందుచేత గుట్టకు గరుసు మట్టి కావాలి. కరెంటు తీగలకు, మరలకు, తాటితోపులకు దూరంగా, గాలికి ఎదురుగా వాలు ఉండాలి. విరుదునగర్, తూత్తుక్కుడి కలెక్టర్లు, తమిళనాడు క్రీడా ప్రాధికార సంస్థ, పర్యాటక శాఖ కలిసి ముందు అలాంటి చోటు ఒకటి చూపించాలి. ఎత్తైన అంచుల మాట ఆ తర్వాత. అంతవరకు నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఒకటే మనవి: మొదటిరోజే కొండ ఎక్కిస్తానన్న గురువు దగ్గర చేరకండి.