ఒకే రకంపై నిలిచిన శనగ సాగు

పెద్దముడియం, రాజుపాళెం మండలాల నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరు మాసాల్లో విత్తిన శనగ ప్రధానంగా నేలలో మిగిలిన తేమపైనే కోతకు వస్తుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలోను, పులివెందుల వైపు సింహాద్రిపురం, తొండూరు రేగళ్ళలోను ఈ పంటను నిలబెట్టినది జె.జి. 11. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్రిశాట్ సహకారంతో రూపొందించిన ఈ రకం 1999లో విడుదలైంది. సుమారు వంద రోజుల్లో పక్వానికి రావడం, ఎండు తెగులును తట్టుకోవడం, గింజ లావుగా ఉండడం వలన పాత అన్నెగిరి వెనుకబడింది. ఆ ఘనతను కాదనవలసిన పని లేదు.

అయితే శనగ స్వపరాగ సంపర్కపు పంట. రైతు దాచుకున్న విత్తనం ఏటేటా దాదాపు అదే జన్యు నిర్మాణాన్ని కొనసాగిస్తుంది. జన్యుపరంగా చూస్తే వేల ఎకరాల పైరు ఒకే మొక్కకు ప్రతిరూపం. ఎండు తెగులుకు నిరోధకత ఉన్నప్పటికీ, పంట చివరి దశలో బెట్ట, అధిక ఉష్ణోగ్రత కలిసినపుడు విజృంభించే ఎండు వేరుకుళ్ళు తెగులుకు కారణమైన శిలీంధ్రం వేరు. ఒక చేనిలో మొక్కకు లేని రక్షణ పక్క చేనిలోనూ ఉండదు.

కొద్దిపాటి తల్లిదండ్రుల నుండి లక్షల పిల్లలను తీసే ఆల్చిప్పల హ్యాచరీలలోనూ ఇదే చిక్కు. సముద్రపు సహజ సంతతిలోని అరుదైన యుగ్మవికల్పాలు అక్కడ జారిపోతాయి. శనగ విషయంలో ఈ నష్టం మచ్చిక నాటిదే. దాని వన్య పూర్వికమైన సైసర్ రెటిక్యులేటం ఆగ్నేయ టర్కీకే పరిమితమైన మొక్క. 2021లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం 3,171 సాగు నమూనాలతో పాటు 195 వన్య నమూనాల జన్యుక్రమాన్నీ పరిశీలించింది. పటాన్‌చెరు జన్యునిధిలో సుమారు 20,000 శనగ నమూనాలు ఉన్నాయి. వాటికి ప్రాతినిధ్యం వహించే 211 నమూనాల లఘు సంచయం కూడా సిద్ధంగా ఉంది. ఆ నిధికీ పెద్దముడియం చేనుకూ మధ్య దూరం మాత్రం ఇంకా తగ్గలేదు.

జె.జి. 11 స్థానంలో మరొక రకాన్ని ఊరంతా నింపితే మారేది పేరే. వేరుశనగలో 1940 నాటి టి.ఎం.వి. 2 దశాబ్దాల పాటు రాయలసీమను ఏలింది. ఆ తరువాత 2005లో వచ్చిన కదిరి 6 విస్తరించింది. నంద్యాల పరిశోధనా స్థానం అందించిన ఎన్.బి.ఇ.జి. 3, 49, యంత్రపు కోతకు అనువైన 47 రకాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. విస్తరణ శాస్త్రవేత్తలు రకాల సంఖ్యతో తృప్తి పడక వంశావళులను పక్కపక్కన పెట్టి చూడాలి. సంబంధం దూరమైన రెండు మూడు రకాలు ఒక గ్రామంలో వేర్వేరు చేలల్లో ఉండాలి. ఒకే చేనిలో కలిపి విత్తమనడం తగదు. గింజ కలగలిస్తే మార్కెట్లో ధర పడిపోతుంది, రైతు మరుసటి ఏడు ఆ మాట వినడు.

వన్య జాతులతో సంకరణం సులభం కాదు. కోరిన జన్యువుతో పాటు చిన్న గింజ, నేలపై పరచుకునే స్వభావం కూడా వస్తాయి. వాటిని తొలగించడానికి పట్టే ఏళ్ళు ఒక పి.హెచ్‌డి. కాలానికి మించినవి. అందువలన ఒక విద్యార్థి వదిలిన సంతతిని తరువాతి విద్యార్థి చేపట్టే ఏర్పాటు విభాగాలలో ఉండాలి, పరీక్ష రేగడి నేలలో చివరి దశ ఎండలోనే జరగాలి. మండల విత్తన ఇండెంటులో రెండవ రకానికి చోటు కల్పించడానికి మాత్రం అన్నేళ్ళు అక్కరలేదు. రాబోయే రబీకి ముందే సాధ్యం.