తేనె పరీక్ష సంత దగ్గరే మొదలు కావాలి

నీళ్ళలో చుక్క వేసి, అగ్గిపుల్ల ముంచి వెలిగించి తేనె మంచిచెడ్డలు తేల్చడం మన పల్లెల్లో పాత అలవాటు. బెల్లం పాకం కలిసిందా అన్న అనుమానాన్నే ఈ పరీక్షలు సరిగా తీర్చలేవు. ఇక సీసం వంటి విషలోహం సంగతి చెప్పనక్కరలేదు. అది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. ప్రయోగశాలలో యంత్రం మీదనే బయటపడుతుంది.

సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కిలో తేనెలో సీసం 0.10 మిల్లీగ్రాముకు మించరాదని ఐరోపా దేశాల నిబంధన. 2010లో ఆ దేశాలు భారతదేశపు తేనెను నిలిపివేసినప్పుడు మందుల అవశేషాలతోపాటు భారలోహాల మాట కూడా వచ్చింది.

దుమ్ము, పొగల వల్ల కొంత సీసం తేనెలో చేరవచ్చు. అయితే పాత్ర వల్ల వచ్చే ముప్పును తేలికగా తీసుకోరాదు. తేనెకు పులుపు గుణం ఉంది. సీసంతో మాటు వేసిన పాత రేకు డబ్బాలో నెలల తరబడి నిలవ ఉంచితే అది లోహాన్ని తనలోకి లాగుకుంటుంది. డబ్బా ఎవరిదైనా, పరీక్షలో తేనె తప్పితే నష్టం మాత్రం చెట్టెక్కి, పొగ పెట్టి, ప్రాణాలకు తెగించి తేనె తీసిన గిరిజనుడి నెత్తిన పడే ప్రమాదం ఉంది. ఇది న్యాయం కాదు.

2020లో గుజరాత్‌లోని ఆనంద్‌లో తేనె పరీక్షకు పెద్ద ప్రయోగశాల ప్రారంభమయింది. సంతోషమే. కాని మన్యం సంతకు అది ఎంత దూరం! 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, ఆహార భద్రతా అధికారులు కలిసి కొనుగోలు చోటనే నమూనా తీయాలి. అమ్మినవారి ఎదుటనే సీలు వేసి రసీదు ఇవ్వాలి. ఫలితం తెలుగులో తెలపాలి. శుభ్రమైన స్టీలు పాత్రలో, ఆహారానికి తగిన ప్లాస్టిక్ డబ్బాలో సరఫరా చేయాలి.

కొనేవారికీ హక్కు ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, రుసుము చెల్లించి ఎవరైనా సరుకును పరీక్షకు పంపవచ్చు. తప్పు తేలితే రుసుము వాపసు వస్తుంది. ఈ సంగతి ప్రతి పంచాయతీ బోర్డు మీద కనబడాలి. పిల్లల నాలుకకు తేనె రాసే తల్లికి ఆ తేనెలో ఏముందో తెలియాలి. సంబంధిత అధికారులు ఇకనైనా కదలాలి.