తెల్లని మెతుకు వెనుక

అమెరికాలోని ఏ భారతీయ సరుకుల దుకాణంలో అడుగు పెట్టినా బియ్యం సంచుల వరుసలు ముందుగా కంటబడతాయి. తెలుగువారి చేయి అలవాటుగా వెళ్ళేది సోనా మసూరి అని వ్రాసి ఉన్న సంచి మీదకే. గింజ సన్నగా, తెల్లగా ఉన్నదా, బియ్యం పాతవేనా, అన్నం పొడిపొడిగా వస్తుందా అన్న ప్రశ్నలతో ఎంపిక ముగుస్తుంది. ఆ బియ్యం ఏ వంగడానివి, వాటికి ఎంత పాలిష్ పట్టారు, తవుడుతో బాటు ఏమేమి పోయాయి అని అడిగేవారు అరుదు. వరి మీద జరిగిన పరిశోధనలో ఎంత భాగం భోజనపు పళ్ళెం దాకా చేరుతుందో నిర్ణయించేవి మాత్రం ఎవరూ అడగని ఆ ప్రశ్నలే.

మసూరి అన్న పేరు తెలుగుది కాదు. 1950 దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ పూనికతో, కటక్ కేంద్రంగా, ఇండికా, జపానికా జాతుల వరులను సంకరపరచే బృహత్ప్రయత్నం ఒకటి జరిగింది. తైవాను వరికీ మలయా వరికీ పుట్టిన ఒక సంకరం నుండి ఎంపికైన రకాన్ని 1965లో మలేషియా విడుదల చేసింది. దాని పేరే మసూరి. లంకావి ద్వీపవాసులు చెప్పుకునే పాత గాథలోని ఒక స్త్రీ పేరు కూడా అదే. ఆ విత్తనం తెలుగు నేలకు వచ్చి, తెలుగువారి నాలుకకు నచ్చి, ఇక్కడిదే అయిపోయింది. కోయంబత్తూరు సన్న రకమైన జీఈబీ 24నూ, తైవాను పొట్టి రకమైన టీఎన్1నూ కలిపి, ఆ సంతతిని మసూరితో సంకరపరచి బాపట్ల శాస్త్రజ్ఞులు 1986లో విడుదల చేసినదే బీపీటీ 5204, అనగా సాంబ మసూరి. దక్షిణాదిలో సన్నబియ్యం అంటే ఎలా ఉండాలో నిర్ణయించిన వంగడం ఇదే అన్నా అతిశయోక్తి కాదు.

బాపట్లవారు ఇంత శ్రమ పడడానికి కారణం ఉంది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అనే పొట్టి రకాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దానిని తన పొలంలో వేసి చూపించారు. పాత పొడుగు రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే చేను నిలువునా పెరిగి, గింజ బరువుకు ఒరిగిపోయేది. పొట్టి రకం ఆ నత్రజనిని కాడకు గాక గింజకు మళ్ళించింది. ఇందులోని రసాయన రహస్యం 2002లో బయటపడింది. మొక్కను ఏపుగా పెంచే జిబ్బరెలిన్ అనే హార్మోను తయారీలో ఒక మెట్టు దగ్గర పనిచేసే ఎంజైము ఈ రకాల్లో లోపించింది. హార్మోను తగ్గింది, కాడ పొట్టిదైంది. ఒక్క ఎంజైములోని లోపం ఆసియా ఖండపు ఆకలిని తగ్గించడానికి తోడ్పడింది!

అయితే ఐఆర్8 అన్నం తినేవారికి నచ్చలేదు. గింజ మొద్దు, మధ్యలో సుద్దమచ్చ. అన్నం చల్లారితే రాయి. పిండి పదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు భాగాలుంటాయి. మొదటిది కొమ్మలు లేని పొడవాటి గొలుసు, రెండవది గుబురైన చెట్టు. చల్లారినప్పుడు పొడవాటి గొలుసులు ఒకదాని ప్రక్కన ఒకటి చేరి బిగుసుకుంటాయి. ఐఆర్8లో అమైలోజ్ పాలు ఎక్కువ. సాంబ మసూరిలో అది మధ్యస్థం కనుక అన్నం విడివిడిగా ఉంటూనే మెత్తగా ఉంటుంది. అంటే శాస్త్రజ్ఞులు తినేవారి మాట విన్నారన్న మాట. అడిగినది ఇచ్చారు. చిక్కంతా అడిగినదానిలోనే ఉన్నది.

నాణ్యత అంటే తెలుపు, సన్నదనం, రుచి. అంతటితో నిర్వచనం ఆగిపోయింది.

తెలుగువారికి ఈ తెలుపుతో పాత అనుబంధం ఉన్నది. అది సుఖాంతమైన కథ కాదు. మరపట్టిన పచ్చి బియ్యం వాడుక వ్యాపించిన కాలంలో భారతదేశంలో బెరిబెరి వ్యాధి స్థిరపడిన ముఖ్య ప్రాంతం ఉత్తర సర్కారులు, అనగా నేటి కోస్తా ఆంధ్ర జిల్లాలు. కాళ్ళలో సత్తువ నశించడం, ఒళ్ళు నీరు పట్టడం, గుండె బలహీనపడడం దాని లక్షణాలు. బియ్యపు పైపొరలోని థయమిన్ అనే విటమిను అందకపోవడమే కారణం. 100 గ్రాముల ముడి బియ్యంలో థయమిన్ సుమారు 0.4 మిల్లీగ్రాములు ఉంటే, బాగా పాలిష్ పట్టిన బియ్యంలో 0.1 మిల్లీగ్రాము కూడా మిగలదు. ప్రక్కనే ఉన్న తమిళ జిల్లాలలో బీదలు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి తరువాత దంచినప్పుడు పైపొరలోని విటమిను నీటితో బాటు గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత తవుడు పోయినా అది కొంత నిలుస్తుంది. ఒకే రాజధాని పాలనలో, ఒకే ధాన్యం తింటూ, ఒక వైపు వ్యాధి, రెండవ వైపు ఆరోగ్యం! ఈ సంగతిని కూనూరు ప్రయోగశాల సంచాలకులు ఐక్రాయిడ్, ఆయన సహచరులు 1940, 1941 సంవత్సరాలలో వివరంగా ప్రకటించారు. అందులో అన్నిటికన్నా హృదయ విదారకమైనది చంటిబిడ్డల మరణాల వృత్తాంతం. తల్లి తినేది తెల్లని అన్నం. ఆమె పాలలో థయమిన్ లేదు. పైకి బాగానే ఉన్న కొన్ని నెలల బిడ్డ హఠాత్తుగా చనిపోయేది. దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అనుకున్న తల్లులు ఎందరో!

ఆ కూనూరు ప్రయోగశాల 1918లో బెరిబెరి విచారణ విభాగంగానే, ఒకే ఒక్క గదిలో ప్రారంభమైంది. 1958లో అది హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందింది. నేడు బెరిబెరి ఆ జిల్లాల నుండి దాదాపు అదృశ్యమైంది. ఆహారంలో పప్పులు, పాలు, కూరలు పెరిగాయి, విటమిను మాత్రలు వచ్చాయి. ఇప్పటి శత్రువు వేరు: మధుమేహం.

2020లో ప్రకటితమైన ఒక పెద్ద అధ్యయనం 21 దేశాలలో 1,30,000 మందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించింది. రోజుకు 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవారిలో, 150 గ్రాముల లోపు తినేవారి కన్నా మధుమేహం ఎక్కువగా వచ్చింది. దక్షిణాసియాలో ఆ ముప్పు సుమారు 60 శాతం అధికం. ఇది సహచర్యమే కాని కారణానికి తిరుగులేని రుజువు కాదు. తినే తిండి ఒక్కటే జీవితం కాదు గదా. అయినా, నడక మాని కారెక్కిన కుటుంబాలు, నాట్లు వేసిన తాతగారి పళ్ళెమంత అన్నమే తింటూ ఉంటే లెక్క ఎక్కడో తప్పుతుందని చెప్పడానికి గణాంకాలు అక్కరలేదు.

ఈ దిశలో హైదరాబాదు చేసిన పని గర్వించదగినది. సాంబ మసూరికి ఒక పెద్ద బలహీనత ఉంది: బాక్టీరియా వలన వచ్చే ఎండాకు తెగులు. దానిని తట్టుకునే మూడు జన్యువులను కణ, అణు జీవశాస్త్ర కేంద్రమూ, వరి పరిశోధన సంచాలనాలయమూ కలిసి సాంబ మసూరిలోకి తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుండి వచ్చింది; దాని స్వరూపాన్ని 1995లో వెల్లడించినది కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల. ఈ వంగడం జన్యుమార్పిడి పంట కాదు. సంకరపరచి, ప్రతి తరంలోనూ కావలసిన జన్యువు ఉన్న మొక్కలను డీఎన్ఏ గుర్తుల సాయంతో ఏరుకుంటూ వెళ్ళారు. దీని గ్లైసీమిక్ సూచిక, అనగా తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా, ఎంత మేరకు పెరుగుతుందో చెప్పే కొలత, సుమారు 51 అని తేలింది. 55 లోపు ఉంటే తక్కువగా పరిగణిస్తారు. 2015లో రాజేంద్రనగర్ నుండి వచ్చిన తెలంగాణ సోనాకూ దాదాపు అంతే. తక్కువ సూచిక గల బియ్యమని రెట్టింపు తింటే లాభం సున్న అన్నది వేరే మాట.

జింకు విషయం ఇంకా ఆసక్తికరం. ఇనుము ఎక్కువగా పైపొరలో ఉండి పాలిష్‌తో పోతుంది. జింకు గింజ లోపలి వరకూ వ్యాపించి ఉంటుంది. కాబట్టి ప్రజలు తెల్లబియ్యం మానరని గ్రహించిన శాస్త్రజ్ఞులు, పాలిష్ పట్టాక కూడా జింకు మిగిలే వంగడాలు తయారు చేశారు. 2016లో హైదరాబాదు సంస్థ విడుదల చేసిన డీఆర్ఆర్ ధాన్ 45లో కిలో పాలిష్ బియ్యానికి 22.6 మిల్లీగ్రాముల జింకు ఉన్నది. సాధారణ రకాలలో ఉండేది 16 లోపే.

మరి అటువంటి బియ్యం విదేశీ దుకాణాలలో ఎందుకు కనబడవు? తెగులును తట్టుకునే విత్తనం వేస్తే లాభం రైతుకే, పంట దక్కుతుంది. దిగుబడి పెరిగినా అంతే. కాని జింకు పెరిగితే లాభం ఎక్కడో తినేవారికి. ధాన్యం కొనే వ్యాపారి గింజను అరచేతిలో వేసుకుని రంగు చూస్తాడు, సన్నదనం చూస్తాడు, నూక చూస్తాడు. జింకు అరచేతిలో కనబడదు. కనబడనిదానికి ధర లేదు. ధర లేనిదానిని పండించమని రైతుకు చెప్పడం ఉచిత సలహా. 2025 మే నెలలో ప్రకటించిన కమల అనే వరిని చూచినా ఇదే తోస్తుంది. సాంబ మసూరిలో సైటోకైనిన్ హార్మోనును విచ్ఛిన్నం చేసే ఎంజైము జన్యువును సవరించి, వెన్నుకు గింజల సంఖ్య పెంచారు. దిగుబడి 19 శాతం అధికమనీ, పంట సుమారు 20 రోజులు ముందే కోతకు వస్తుందనీ ప్రకటించారు. రసాయన శాస్త్రం తెలిసినవారెవరైనా ముచ్చటపడే పని. అయినా ఆ ప్రకటనలో ముందు వరుసలో నిలిచినవి దిగుబడి, కాలం, నీటి ఆదా. తినేవారి ఆరోగ్యం కాదు.

ముడి బియ్యమే సర్వరోగ నివారిణి అని చెప్పేవారు కూడా సగం సత్యమే చెబుతున్నారు. తవుడులో నూనె ఉన్నది, ఆ నూనెను విరగ్గొట్టే ఎంజైమూ ఉన్నది. పొట్టు తీసిన క్షణం నుండి రెండూ కలిసి బియ్యాన్ని కనరెక్కిస్తాయి; సముద్రం దాటవలసిన సరుకుకు ఇది చిన్న అడ్డంకి కాదు. తవుడులోని ఫైటేట్ జింకునూ, ఇనుమునూ పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వదు. నేలలో ఆర్సెనిక్ ఉంటే అది కూడా తవుడులోనే ఎక్కువగా చేరుతుంది. అందుచేత ఎన్నుకోవలసినది రెండు కొసలలో ఒకటి కాదు. కొద్దిపాటి పాలిష్ పట్టినవి, ఉప్పుడు బియ్యం, తగిన వంగడం అన్నవి మధ్యలో ఉన్న దారులు.

అమెరికాలో పండే తెల్లబియ్యానికి సాధారణంగా విటమినులు పూస్తారు. 1998 నుండి అందులో ఫోలిక్ ఆమ్లం కూడా ఉన్నది. ఆ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కడగవద్దని సంచి మీద వ్రాసి ఉన్నా, తెలుగింట ఆ బియ్యాన్ని మూడుసార్లు కడిగి, సుబ్బారావు గారి విటమినును కడుగునీళ్ళతో పారబోయడం జరుగుతూనే ఉన్నది.

ప్రవాస కుటుంబాలు స్వదేశపు కొనుగోలుదారు కంటే కిలోకు ఎక్కువ డబ్బు చెల్లిస్తాయి. ఆ అదనపు డబ్బు ఇంతవరకు తెలుపుకూ, పాతదనానికీ ముడుతున్నది. అందులో కొంత పోషక విలువకు ముడితే, ఆ సమాచారం ఎగుమతిదారు ద్వారా మిల్లుకూ, మిల్లు ద్వారా నంద్యాల, మిర్యాలగూడ రైతులకూ చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. తెలుపు కావాలన్న కబురు కూడా ఆ దారినే చేరింది గదా. సంచి మీద వ్యాపార నామంతో బాటు వంగడం పేరు, పంట సంవత్సరం, పాలిష్ శాతం ముద్రించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇటువంటి సంచికల చివరి పుటలలో ప్రకటనలు ఇచ్చేది సరుకుల దుకాణాలవారే కనుక, తెలుగు సంఘాలు ఆ మాట అడిగితే వినకుండా ఉండలేరు. అప్పటి వరకు ఉప్పుడు బియ్యం కోసం వెదకనక్కరలేదు. ఇడ్లీల కోసం కొనే సంచి ప్రతి ఇంటి వంటగదిలోనూ ఉన్నది. వాసన నచ్చదనే వారు సగానికి సగం కలిపి వండి చూడవచ్చును. రెండూ ఉడికే సమయం వేరు గనుక ఉప్పుడు బియ్యాన్ని అరగంట ముందుగా నానబెట్టుకోవాలి.