గంట ప్రయాణమను మాట

బెంగుళూరినుండి హైదరాబాదునకు విమానములో గంట ప్రయాణమే యని మన హోసూరులో తఱచుగా వినబడుచుండును. పిల్లవానిని హైదరాబాదు కళాశాలలో చేర్పింపదలచిన తలిదండ్రులు ఈ మాటతో ధైర్యము తెచ్చుకొందురు. మాట అబద్ధము కాదు. కాని అది విమానము చేయు ప్రయాణము, మనుష్యుడు చేయు ప్రయాణము కాదు.

2008వ సంవత్సరమున జరిగిన మార్పును చూడుడు. అంతకుముందు బెంగుళూరు విమానములు నగరమునకు తూర్పున హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమున లేచి, హైదరాబాదు నగరములోనే యున్న బేగంపేటలో దిగుచుండెడివి. ఆ రెంటి నడుమ గగనమార్గమున సుమారు 505 కిలోమీటర్లు. ఆ యేడు మార్చిలో హైదరాబాదు విమానాశ్రయము దక్షిణముగా శంషాబాదునకును, మేలో బెంగుళూరు విమానాశ్రయము ఉత్తరముగా దేవనహళ్లి కడకును మారెను. ఒకదానివైపు మఱియొకటి జరిగినట్లే గదా! నేటి దూరము సుమారు 455 కిలోమీటర్లు. ఆకాశమున 50 కిలోమీటర్లు తగ్గినవి.

మనకు తగ్గినదేమి? సూటిగా కొలిచిన హోసూరునకు సుమారు 30 కిలోమీటర్లలో నుండిన విమానాశ్రయము 50 కిలోమీటర్లు దాటిపోయెను. బాట వంకరలు వేఱు, బెంగుళూరు రద్దీ వేఱు. అవతల శంషాబాదులో దిగినవారు నగరము చేరుటకు మరల బండి యెక్కవలెను.

విద్యార్థులారా, లెక్క కట్టుడు. జెట్ విమానము గంటకు 800 కిలోమీటర్ల వేగముతో పోగలదు. ఆ లెక్కన 455 కిలోమీటర్లకు 35 నిమిషములు చాలును. కాని నేలపై నడచుట, పైకెక్కుట, క్రిందికి దిగుట కలిసి గంటంబావు పట్టును. హోసూరునుండి దేవనహళ్లికి రెండు గంటలు, అచట తనిఖీలకును నిరీక్షణకును మఱి రెండు, దిగినపిమ్మట పెట్టెకును బండికిని గంటన్నర: వెరసి దాదాపు ఏడు గంటలు. హోసూరు హైదరాబాదుల నడుమ సూటి దూరము 520 కిలోమీటర్లు. ఏడుచే భాగింప గంటకు 74. ఇది మంచి బాటపై కారు వేగమే!

విమానము వలదని నా వాదము కాదు. ఇంట జబ్బు చేసినదని కబురు వచ్చిననాడు ఏడు గంటలును మేలే. అయితే ఆ కబురు అర్ధరాత్రి వచ్చినచో తెల్లవాఱు విమానముకొఱకు వేచియుండవలెనని తలిదండ్రులు ముందే యెఱిగియుండుట మంచిది. సెలవులకు వచ్చిపోవు పిల్లలకు నిద్రలో గడచు రాత్రిరైలే నాకు నచ్చును.

2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వము హోసూరులో 2,000 ఎకరములలో విమానాశ్రయము నిర్మింతుమని ప్రకటించినది. దేవనహళ్లి ఒప్పందమునందు, ఆ విమానాశ్రయము తెఱచిన 25 ఏండ్లవరకు 150 కిలోమీటర్లలోపల మఱియొక అంతర్జాతీయ విమానాశ్రయము రాకుండ నిబంధన గలదు. అది తొలగి మన విమానాశ్రయము వచ్చినను, దానిని ఊరి యేవైపున కట్టుదురు, అచటికి బస్సు నడపుదురా యని మనవారు ఇప్పుడే అడుగవలెను. అంతవరకు దెంకణికోట పిల్లలు పై యేడు గంటలకు ఇంకొక ముప్పావుగంట కలుపుకొనవలసినదే.