గ్లోబు బీరువాలో ఎందుకు?



మన స్కూల్లో ఒక గ్లోబు ఉంది. ఈ సంగతి చిన్న తరగతుల తమ్ముళ్ళలో చాలామందికి తెలీదు. ఎందుకంటే అది బీరువాలో తాళం వేసి ఉంటుంది. తనిఖీకి ఆఫీసర్లు వచ్చినప్పుడే బయటికొస్తుంది. ఇది సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పోయిన నెల సోషల్ సారు ఒక లెక్క ఇచ్చారు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ సుమారు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 30 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అలాస్కాలోని యాంకరేజ్ సుమారు 61 డిగ్రీల ఉత్తరం, 150 డిగ్రీల పశ్చిమం. ఈ రెండింటి మధ్య దగ్గరి దూరం ఎంత?

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 111 కి.మీ. నేను 30, 150 కూడి, 180ని 111తో గుణించి 19,980 కి.మీ. అని రాశాను. తప్పు! ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. 60వ అక్షాంశం దగ్గర వాటి మధ్య దూరం సగమే. అందుకని నా పక్కనున్నవాడు సగం చేసి 9,990 అన్నాడు. అదీ తప్పే!

అప్పుడు సారు గ్లోబు తెప్పించి, రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టుకోమన్నారు. దారం పక్కకి పోలేదు, ఉత్తర ధ్రువం మీదుగా పోయింది! ఇటునుంచి ధ్రువానికి 30 డిగ్రీలు, అటునుంచి 29. మొత్తం 59. భూమి నడిమధ్య నుంచి రెండు ఊళ్ళకీ గీతలు గీస్తే వాటి మధ్య కోణం ఇదే. 59ని 111తో గుణిస్తే సుమారు 6,550 కి.మీ. అదే దారాన్ని భూమధ్యరేఖ మీద పెట్టి చూశాం. దాదాపు 59 డిగ్రీలే వచ్చింది.

మన ఊళ్ళల్లో బండిదారి కొండ చుట్టూ తిరుగుతుంది. మన అమ్మానాన్నలు కాలిబాటన ఎక్కి అవతలికి దిగిపోతారు. ధ్రువం కొండ కాకపోయినా దారి సంగతి అలాంటిదే. గోడమీది పటం ఎంతసేపు చూసినా ఇది కనబడదు.

వార్డెన్ సారూ! పిల్లలు పగలగొడతారని మీ భయం. అది నిజమైన భయమే. కాని బీరువాలో ఉన్న గ్లోబు వల్ల మా లెక్కలు సరికావు. ప్రతి ఆదివారం ఒక్క గంట ఇప్పించండి. రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకొని, మళ్ళీ అప్పజెప్పే పూచీ మా పదో తరగతిది. దారం మేమే తెచ్చుకుంటాం.

— పదవ తరగతి విద్యార్థి