రెండు మంచాలా, ఒకటా?

లేబర్ డే దాటిన మరుసటి వారం, కిందటి సెప్టెంబరులో, మేం ముగ్గురం ప్రావిన్స్‌టౌన్ వెళ్ళాం. బాస్టన్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటన్నర ప్రయాణం. కేప్ కాడ్ చిట్టచివర ఉన్న చిన్న ఊరు. ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు నాలుగు వేల లోపే. వేసవిలో మాత్రం తిరునాళ్ళే. మేం దిగిన రిసార్టు సరిగ్గా నీళ్ళ ఒడ్డున ఉంది. గుమ్మం దగ్గర ఇంద్రధనుస్సు జెండా.

బయల్దేరే ముందు ఇంట్లో కాస్త చర్చ జరిగింది. "పిల్లని అక్కడికి తీసుకెళ్ళడం అవసరమా?" అన్నది నేనే. "బీచికేగా వెళ్ళేది!" అంది మా ఆవిడ. ఏడేళ్ళ మా అమ్మాయికి కావలసింది ఇసుక, ఐస్‌క్రీమ్. రెండూ దొరికాయి. భయపడ్డది నేనొక్కడినే అని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

మమ్మల్ని పిలిచింది మాస్టర్స్ రోజుల్లో నా రూమ్మేటు. గుంటూరు కుర్రాడు. మాసచూసెట్స్‌లోనే టౌన్ క్లర్కు దగ్గర లైసెన్సు తీసుకుని, నాగపూర్ అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇది వాళ్ళ మూడో పెళ్ళిరోజు. ఇంత ఖరీదైన చోటు ఎందుకురా అని అడిగాను. "వేరే ఊళ్ళో రెండు మగ పేర్లు చెప్పి గది అడిగితే, 'రెండు మంచాలు కదా' అంటారురా. ఒక్కోసారి మామూలుగా అంటారు, ఒక్కోసారి మొహం అదోలా పెట్టి అంటారు. ఇక్కడ ఆ మాటే రాదు. నేను డబ్బు కట్టేది దానికే" అన్నాడు.

ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1620 నవంబరులో మేఫ్లవర్ ఓడ మొదట లంగరు వేసింది ప్లిమత్‌లో కాదు, ఇక్కడ. దాని గుర్తుగా 1910లో కట్టిన 252 అడుగుల రాతి స్తంభం ఊళ్ళో ఎక్కణ్ణుంచి చూసినా కనిపిస్తుంది. తరవాత పోర్చుగీసు జాలర్లు వచ్చారు, చిత్రకారులు వచ్చారు, వాళ్ళ వెంట ఎక్కడా ఇమడలేని వాళ్ళంతా వచ్చారు. టౌన్ హాల్ పక్కన 2018లో పెట్టిన ఎయిడ్స్ స్మారకం ఉంది. అలల సముద్రాన్ని రాతిలో చెక్కినట్టుంటుంది. సొంతవాళ్ళు వదిలేసిన రోగులకు ఈ ఊరు సేవ చేసిన రోజుల జ్ఞాపకం అది.

"మనకెందుకీ గొడవ?" అనే మిత్రులకు ఒక పాత కథ గుర్తు చేస్తాను. అమెరికాలో మోటళ్ళు కొన్న మన గుజరాతీలకు 1980లలో ఎదురైన బోర్డు ఏమిటి? పక్క మోటలువాడు పెట్టిన "అమెరికన్ ఓన్డ్" బోర్డు. బ్యాంకులు అప్పివ్వలేదు, బీమా కంపెనీలు మొండికేశాయి. ఆ వివక్షను ఎదుర్కోవడానికి పుట్టిన సంఘాలే తరవాత పెద్ద హోటల్ యజమానుల సంఘంగా ఎదిగాయి. గుమ్మం మీద బోర్డు చూసి లోపలికి వెళ్ళాలో వద్దో తేల్చుకోవలసిన బాధ మనకు కొత్త కాదు.

ఇక చట్టం. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం హోటలువాడు జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి గది లేదనకూడదు. ఆ జాబితాలో లైంగికత లేదు. 2020లో బాస్టాక్ తీర్పు ఇచ్చిన రక్షణ ఉద్యోగాలకు సంబంధించింది. మాసచూసెట్స్‌లో ఆ రక్షణ 1989 నుంచీ రాష్ట్ర చట్టంలోనే ఉంది. అలాంటి చట్టం లేని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. కాబట్టి "గే ఫ్రెండ్లీ" అన్న మాట ఒట్టి వ్యాపార ప్రకటన కాదు. చట్టం హామీ ఇవ్వని చోట యజమాని ఇచ్చే హామీ అది.

పెళ్ళి విషయంలో పరిస్థితి కొంత గట్టిది. 2004 మే 17న ఈ రాష్ట్రం దేశంలో మొదటగా లైసెన్సులు ఇచ్చింది. 2013లో విండ్సర్ తీర్పుతో ఫెడరల్ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ఏడాదే వీసాలకూ వర్తించింది. 2015లో ఒబర్గఫెల్ తీర్పుతో దేశమంతటికీ వచ్చింది. 2022 చట్టం, జరిగిన పెళ్ళిళ్ళకు గుర్తింపు ఇచ్చింది. 2025 నవంబరులో ఒబర్గఫెల్‌ను తిరగదోడమన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు.

అలాగని మావాడు నిశ్చింతగా ఉన్నాడా? లేడు. వాడు హెచ్-1బి, అతను హెచ్-4. గ్రీన్‌కార్డు క్యూ సంగతి మీకు నేను చెప్పాలా! ఉద్యోగం పోతే అరవై రోజులు. ఆ భయం మనందరిదీ. తేడా ఒక్కటే. నేను హైదరాబాదులో విమానం దిగితే నా భార్య నా భార్యే. వాళ్ళిద్దరూ దిగితే చట్టం దృష్టిలో ఎవరికి ఎవరూ కారు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 కోరలు పీకింది, నిజమే. కానీ 2023 అక్టోబరు 17న పెళ్ళికి గుర్తింపు ఇవ్వడం తన పని కాదని పార్లమెంటుకు వదిలేసింది. ఆ కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదు వాసులే. విదేశీ వివాహ చట్టం కింద అడిగినా అదే జవాబు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. 2024 ఆగస్టులో జాయింట్ బ్యాంకు ఖాతాకు, నామినీగా పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని ఆర్థికశాఖ చెప్పింది. మంచిదే. కానీ వారసత్వం, దత్తత అలాగే మిగిలిపోయాయి. గుంటూరులో వాడి నాన్నగారికి డెబ్బై దాటాయి. తిరిగి వెళ్ళాలని ఉంది. వెళ్తే పెళ్ళిని ఇక్కడే వదిలి వెళ్ళాలి.

ఒక పాత సంగతి ఒప్పుకోవాలి. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు 377ను తిరిగి నిలబెట్టిన రోజు మేం నలుగురం ఒకే అపార్ట్‌మెంటులో ఉన్నాం. వంట వంతు నాది. వార్త చూసి జోకులు వేసుకున్నాం, ఎక్కువ వేసింది నేనే. వాడు పళ్ళెంలో అన్నం పెట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పరీక్షలు కదా, చదువుకుంటున్నాడు అనుకున్నాను. ప్రావిన్స్‌టౌన్‌లో రాత్రి నీళ్ళ దగ్గర కూర్చుని ఆ మాట ఎత్తాను. "గుర్తుందిరా. ఆ రోజు పప్పులో ఉప్పు కూడా ఎక్కువైంది" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

తీర్పులు మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి చిన్నవి. అలాంటి జంటలు మీ ఎరుకలో ఉంటే వీలునామా, వైద్య నిర్ణయాల అధికారపత్రం రాసి పెట్టుకోమని చెప్పండి. రెండు దేశాల లాయర్లనూ అడగమనండి. మన సంఘాల ఉగాది సంబరాల్లో "ఫ్యామిలీ" టికెట్టు కొనడానికి వాళ్ళిద్దరూ వస్తే బల్ల దగ్గర కూర్చున్న వాలంటీరు ఏమంటాడో ముందే అనుకుందాం. ఈ ఏడాది ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను పేరిచ్చాను. వాడికి ఫోన్ చేసి రమ్మన్నాను. "చూద్దాంలేరా" అన్నాడు. వస్తే బాగుండును.