ఫోన్ మన చేతిలో, తాళం కంపెనీ చేతిలో

2017 జులైలో జియోఫోన్‌ను ప్రకటించినప్పుడు అది ‘ఉచిత ఫోన్’ అని ప్రచారం జరిగింది. నిజానికి 1,500 రూపాయల డిపాజిట్ కట్టాలి. మూడేళ్ల తర్వాత ఫోన్ వాపసు ఇస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. అందులో జియో సిమ్ తప్ప మరొకటి పనిచేయదు. ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీచార్జి చేయించకపోతే ఫోన్‌ను వెనక్కి తీసుకోవచ్చన్న షరతు తర్వాత బయటపడింది. ఎన్నో పేద కుటుంబాలకు తొలిసారి ఇంటర్నెట్ అందించింది ఆ ఫోనే, కాదనలేం. కానీ డబ్బు కట్టినవాడు అక్కడ యజమానా, అద్దెదారా?

తక్కువ ధరకు ఇచ్చాం గనుక ఖర్చు రాబట్టుకోవాలి కదా అంటారు. సరే, రాబట్టుకున్నాక తాళం ఎప్పుడు తీస్తారు? బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మడమే నిషేధం. మన దగ్గర 2011 జనవరి నుంచి దేశమంతటా నెంబరు మార్చకుండా నెట్‌వర్క్ మారే హక్కు ఉంది. లాక్ చేసిన ఫోన్ కొన్నవాళ్లకు ఆ హక్కు కాగితం మీదే. నెంబరు వెంట వస్తుంది, ఫోన్ రాదు.

ఇప్పుడు తాళం సిమ్‌తో ఆగడం లేదు. వాయిదా కట్టకపోతే ఫోన్‌నే దూరం నుంచి లాక్ చేసే వెసులుబాటు అప్పులిచ్చే సంస్థలకు కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆలోచిస్తున్నట్టు 2025 సెప్టెంబరులో వార్తలొచ్చాయి, కొనేవాడి సమ్మతితోనేనట! స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ కావాల్సిన హాస్టల్ విద్యార్థి, ఆర్డరు వస్తేనే కూలి దక్కే డెలివరీ కుర్రాడు ఆ కాగితం మీద సంతకం పెట్టక ఏం చేస్తారు? పైగా సంపాదనకు ఆధారమైన ఫోన్‌ను ఆపేసి బాకీ వసూలు చేస్తామనడం ఏం లెక్కో నాకర్థం కాదు. దీన్ని వెట్టి అనను. అప్పు కింద మనుషుల్నే కట్టేసుకున్న ఆ వ్యవస్థతో పోలిస్తే దాన్ని అనుభవించినవాళ్లను చిన్నబుచ్చినట్టవుతుంది. కానీ అవసరంలో ఉన్నవాడి సంతకాన్ని స్వేచ్ఛ అని పిలిచే అలవాటు మాత్రం పాతదే. రాజ్యం తప్పుకుంటే మిగిలేది స్వేచ్ఛ కాదు, ప్రైవేటు యజమాని పెత్తనమేనని అంబేడ్కర్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వాదించింది ఇందుకే.

చట్టం లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో నిర్వచించింది. జరిగిన నష్టానికి పొంతనలేని శిక్ష వేసే షరతు కూడా అందులోకి వస్తుంది. అయితే అలాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, నేరుగా రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. 1,500 రూపాయల ఫోన్ కోసం ఆదిలాబాద్ కూలీ హైదరాబాద్‌లో కేసు నడపాలన్నమాట. ఆన్‌లైన్‌లో వేయొచ్చంటారు. లాక్ అయిన ఫోన్‌తోనా?

సిమ్ లాక్‌కు ట్రాయ్ గడువు పెట్టాలి. దూరం నుంచి ఫోన్ ఆపేసే అధికారాన్ని రిజర్వు బ్యాంకు ఎవరికీ ఇవ్వకూడదు. ఈ ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్లకు రావాలి. ఆ సవరణ చేయాల్సింది పార్లమెంటు.